జావా అరేలిస్ట్ వారసులను సీ షార్ప్‌లోకి తెచ్చేటప్పుడు ఏ దారి పట్టాలి?

జావాలో ఏళ్ల తరబడి నడిచిన ప్రోగ్రామ్‌ను సీ షార్ప్‌లోకి మార్చే పని చేపట్టినవారికి మొదటి కొన్ని రోజులు నల్లేరు మీద బండి నడకలాగే సాగుతాయి. రెండు భాషలకూ దగ్గరి చుట్టరికం ఉంది కాబట్టి వస్తువులను వరుసగా దాచే అరేలిస్ట్ ఉన్నచోట లిస్ట్ అనీ, కీతో విలువను వెతికిచ్చే హాష్‌మ్యాప్ ఉన్నచోట డిక్షనరీ అనీ రాసుకుంటూ పోవచ్చు. ఆ అరేలిస్ట్‌ను ఉన్నదున్నట్టు వాడుకోకుండా, దాన్ని ఎక్స్‌టెండ్ చేసి, అంటే దాని గుణాలన్నీ తీసుకునే వారసుడిగా, ఎవరో సొంత క్లాస్ రాసిపెట్టినచోట బండి ఆగుతుంది. అలాంటి క్లాస్‌ను సీ షార్ప్‌లోకి తేవడానికి కనీసం నాలుగైదు దారులు ఉన్నాయి. వాటిలో అందరి కంటికీ మొదట కనబడే దారి, అంటే లిస్ట్‌ను ఇన్‌హెరిట్ చేయడం (ఎక్స్‌టెండ్‌కు సీ షార్ప్‌లో వాడే మాట), చాలా సందర్భాల్లో పనికిరాదు. ఏ దారి ఎప్పుడు పనికొస్తుందో తేల్చుకోవాలంటే, ఆ జావా క్లాస్ రాసినవారు అసలు ఎందుకు ఎక్స్‌టెండ్ చేశారన్న ప్రశ్నతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. పేర్ల పోలికతో మొదలుపెట్టిన ప్రతిసారీ నేను వెనక్కి రావలసి వచ్చింది.

ముందుగా అసలు తేడా ఎక్కడుందో చూద్దాం. జావాలో ఫైనల్, స్టాటిక్, ప్రైవేట్ అని రాయని ప్రతి మెథడ్‌నూ కింది క్లాస్ ఓవర్‌రైడ్ చేయవచ్చు, అంటే దాని స్థానంలో తనది పెట్టవచ్చు. సీ షార్ప్‌లో పై క్లాస్ రాసినవారు వర్చువల్ అని స్పష్టంగా అనుమతి ఇస్తే తప్ప ఓవర్‌రైడ్ చేయడం కుదరదు. సీ షార్ప్‌కు ఆధారమైన డాట్‌నెట్ వేదిక 2002లో మొదటిసారి వచ్చినప్పుడు అందులోని అరేలిస్ట్ ఈ విషయంలో జావా పోలికతోనే ఉండేది. దాని యాడ్, ఇన్‌సర్ట్, రిమూవ్ అన్నీ వర్చువల్ మెథడ్లే. 2005లో డాట్‌నెట్ 2.0తో పాటు జెనరిక్ లిస్ట్, అంటే ఏ రకం వస్తువులో ముందే చెప్పే లిస్ట్, వచ్చినప్పుడు, వేగానికి ప్రాధాన్యం ఇచ్చి ఆ తలుపులు మూసేశారు. అందువల్ల లిస్ట్‌ను ఇన్‌హెరిట్ చేయడానికి అడ్డేమీ లేదు గానీ, ఇన్‌హెరిట్ చేశాక దాని యాడ్‌ను మార్చడానికి మాత్రం వీలు లేదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఒక చిన్న ఉదాహరణలో దగ్గరగా చూడవచ్చు. గిడ్డంగిలోకి వచ్చే బియ్యం బస్తాల కోసం జావాలో బస్తాలపట్టీ అనే క్లాస్ ఉందనుకుందాం. అది అరేలిస్ట్‌ను ఎక్స్‌టెండ్ చేసి, యాడ్ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేసి, బస్తా చేరినప్పుడల్లా దాని బరువును మొత్తం బరువు అనే ఫీల్డ్‌కు కలుపుతుంది. దీన్ని సీ షార్ప్‌లోకి తెచ్చి యాడ్ ముందు ఓవర్‌రైడ్ అని రాస్తే, కంపైలర్ సీఎస్0506 అనే దోషం చూపించి, పైనున్న మెథడ్ వర్చువల్ కాదని చెప్పి ఆపేస్తుంది. ఇంతవరకు మంచిదే. ఓవర్‌రైడ్ అనే మాట తీసేస్తే మాత్రం దోషం పోయి, సీఎస్0108 అనే హెచ్చరిక ఒక్కటే మిగులుతుంది. న్యూ అని రాస్తే ఆ హెచ్చరిక కూడా మాయమవుతుంది. చేతిలో వందల దోషాలు పెట్టుకుని కూర్చున్నవారు ఇక్కడ న్యూ అని రాసేసి ముందుకు వెళ్లిపోవడం సహజం. నేనూ ఒకప్పుడు అదే చేశాను.

ఇప్పుడు 25 కిలోల బస్తా ఒకటీ, 50 కిలోల బస్తా ఒకటీ నేరుగా బస్తాలపట్టీ రకం వేరియబుల్ ద్వారా చేర్చామనుకుందాం. మొత్తం 75 అని సరిగానే వస్తుంది. మూడో బస్తాను, అదీ 50 కిలోలదే, లిస్ట్‌ను పరామితిగా తీసుకునే ఇంకొక ఫంక్షన్ చేర్చింది. జావాలో మొత్తం 125 అవుతుంది. సీ షార్ప్‌లో పట్టీలో మూడు బస్తాలూ ఉంటాయి, మొత్తం మాత్రం 75 దగ్గరే ఆగిపోతుంది. ఎందుకంటే న్యూ అని రాసిన మెథడ్ పాతదాన్ని కప్పుతుందే గానీ దాని స్థానంలోకి రాదు. ఏ మెథడ్ నడవాలో వస్తువు అసలు రకాన్ని బట్టి కాక, వేరియబుల్ ప్రకటించిన రకాన్ని బట్టి నిర్ణయమవుతుంది. ఎక్సెప్షన్ రాదు, లాగ్‌లో ఒక్క వాక్యం కూడా పడదు. నెలాఖరున ఎవరో లెక్క సరిచూసుకున్నప్పుడే ఇది బయటపడుతుంది.

ఇక్కడ ఒక ఉపాయం గురించి చెప్పాలి, ఎందుకంటే అది సగం పనిచేసి ఎక్కువ మోసం చేస్తుంది. క్లాస్ ప్రకటనలో లిస్ట్‌తో పాటు ఐలిస్ట్ ఇంటర్‌ఫేస్‌ను (లిస్ట్‌కు ఉండవలసిన మెథడ్ల జాబితాను) మళ్లీ పేర్కొంటే, ఆ ఇంటర్‌ఫేస్ ద్వారా వచ్చే యాడ్ పిలుపులు మన కొత్త మెథడ్‌కే చేరతాయి. దీనితో పరీక్షలు చాలావరకు గట్టెక్కుతాయి. కానీ లిస్ట్ రకం వేరియబుల్ ద్వారా వచ్చే పిలుపులు అప్పటికీ పాత మెథడ్‌కే వెళతాయి; ఒకేసారి చాలా వస్తువులను చేర్చే యాడ్‌రేంజ్ కూడా మన యాడ్‌ను పిలవదు. మూడు తలుపుల్లో ఒకదానికి తాళం వేసి ఇల్లు భద్రమనుకోవడం లాంటిది ఇది. నేనైతే సిఫారసు చేయను.

జావా క్లాస్‌లోనే చిల్లులు ఉన్నాయేమో చూడండి

ఏ దారి ఎంచుకున్నా, అంతకంటే ముందు మూల క్లాస్ నిజంగా ఏం చేస్తోందో పరీక్షలు రాసి నమోదు చేసుకోవడం అవసరం, ఎందుకంటే జావాలోనూ పరిస్థితి పైకి కనిపించేంత శుభ్రంగా ఉండదు. మన బస్తాలపట్టీ యాడ్‌ను మాత్రమే ఓవర్‌రైడ్ చేసింది. అరేలిస్ట్‌లోని యాడ్‌ఆల్ ఒక్కొక్క వస్తువుకూ యాడ్‌ను పిలవదు. లోపలి అరేలోకి ఒకేసారి కాపీ చేస్తుంది. అంటే యాడ్‌ఆల్ ద్వారా వచ్చిన బస్తాల బరువు జావాలోనే ఇన్నాళ్లూ లెక్కలోకి రాలేదన్నమాట. ఒకే వస్తువును రెండుసార్లు దాచని హాష్‌సెట్‌ను ఎక్స్‌టెండ్ చేసినవారికి దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది: అక్కడ యాడ్‌ఆల్ పై క్లాస్ నుంచి వచ్చి ఒక్కొక్కదానికీ యాడ్‌నే పిలుస్తుంది కాబట్టి, రెండింటినీ ఓవర్‌రైడ్ చేసి రెండింటిలోనూ లెక్క కలిపితే ప్రతి వస్తువూ రెండుసార్లు లెక్కకు వస్తుంది. 2014లో జావా 8 వచ్చినప్పుడు అరేలిస్ట్‌కు రిమూవ్‌ఇఫ్, రిప్లేస్‌ఆల్ అనే మెథడ్లు చేరాయి. అంతకుముందు రాసిన వారసులకు ఆ రెండూ చెప్పాపెట్టకుండా వచ్చిన దొడ్డిదారులే.

మార్పిడిలో ఈ తప్పును అలాగే ఉంచాలా, సరిదిద్దాలా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. సరిదిద్దడమే మంచిదని నేను అంటాను గానీ, మార్పిడి జరిగిన కమిట్‌లోనే ఆ పని చేయవద్దు. మొదట పాత ప్రవర్తనను అలాగే తెచ్చి, రెండు ప్రోగ్రామ్‌ల ఫలితాలు సరిపోలాయని చూసుకుని, తర్వాత విడిగా దిద్దండి. రెండూ కలిపేస్తే, తేడా వచ్చినప్పుడు అది మన మార్పిడి తప్పా, పాత తప్పు తొలగడం వల్ల వచ్చిన తేడానా అన్నది ఎవరూ చెప్పలేరు.

మెథడ్లు చేర్చడానికే ఎక్స్‌టెండ్ చేసి ఉంటే

ఏ మెథడ్‌నూ ఓవర్‌రైడ్ చేయకుండా, పాత బస్తాలు తీసివ్వు, బరువెక్కువ బస్తా చూపించు వంటి సహాయక మెథడ్లను మాత్రమే చేర్చిన క్లాసులు జావా ప్రోగ్రామ్‌లలో లెక్కకు మిక్కిలిగా కనిపిస్తాయి. జావాలో వేరే సదుపాయం లేక వారు అలా రాశారు. సీ షార్ప్‌లో 2007లో వచ్చిన 3.0 నుంచి ఎక్స్‌టెన్షన్ మెథడ్లు ఉన్నాయి. కొత్త క్లాస్ అవసరం లేకుండానే ఆ మెథడ్లను మామూలు లిస్ట్‌కు గానీ, ఇంకా మెరుగ్గా, ఒక్కొక్కటిగా చదవగల ఏ వరుసకైనా వర్తించే ఐఎన్యూమరబుల్‌కు గానీ తగిలించవచ్చు. ఈ వర్గానికి నా మొదటి ఎంపిక ఇదే. క్లాస్ పేరును వందల చోట్ల వాడి ఉండి, దాన్ని తీసేయడం ఇప్పట్లో కుదరదంటే మాత్రం, లిస్ట్‌ను నేరుగా ఇన్‌హెరిట్ చేసినా నష్టం లేదు. ఇన్‌హెరిట్ చేసిన క్లాస్ ఏదీ కప్పనంత కాలం లిస్ట్ భద్రమే. అయితే దాన్ని లైబ్రరీ బయటికి కనిపించే మెథడ్లలో పెట్టకండి. డాట్‌నెట్ వారి రూపకల్పన మార్గదర్శకాలు కూడా బయటికిచ్చే ఏపీఐలలో లిస్ట్ వద్దనే చెబుతాయి, ఎందుకంటే ఒకసారి ఇచ్చాక లోపలి ప్రవర్తనను మార్చే వీలు మనకు ఉండదు.

పనిలో పనిగా మరో మాట. బస్తాలు వందల్లోనే ఉండే పట్టీకి మొత్తం బరువును ఫీల్డ్‌లో దాచుకోవడమే అనవసరం. అడిగినప్పుడల్లా సమ్ మెథడ్‌తో కూడుకుంటే, యాడ్‌ను పట్టుకోవలసిన అవసరమే పోయి ఆ క్లాస్ కూడా ఈ తేలిక వర్గంలోకి వచ్చేస్తుంది. ఓవర్‌రైడ్ కనిపించగానే దానికి సమానమైనది వెతకడం కాదు, అది అవసరమా అని అడగడం ముందు చేయవలసిన పని.

చేర్పులను, తీసివేతలను నిజంగా పట్టుకోవలసి వస్తే

ఇక్కడ సరైన ఆధారం లిస్ట్ కాదు, సిస్టమ్ డాట్ కలెక్షన్స్ డాట్ ఆబ్జెక్ట్‌మోడల్‌లో ఉన్న కలెక్షన్ అనే క్లాస్. ఇన్‌హెరిట్ చేయడం కోసమే దాన్ని తయారుచేశారు. బయటికి కనిపించే యాడ్, ఇన్‌సర్ట్, రిమూవ్, రిమూవ్‌ఎట్, క్లియర్, ఇండెక్సర్ ఏవీ వర్చువల్ కావు; కానీ అవన్నీ చివరికి నాలుగే ప్రొటెక్టెడ్ వర్చువల్ మెథడ్ల గుండా వెళతాయి. ఆ నాలుగు ఇన్‌సర్ట్‌ఐటమ్, సెట్‌ఐటమ్, రిమూవ్‌ఐటమ్, క్లియర్‌ఐటమ్స్. ఈ నాలుగు గుమ్మాల దగ్గర కాపలా పెడితే, ఎవరు ఏ ఇంటర్‌ఫేస్ ద్వారా వచ్చినా తప్పించుకోలేరు. విండోస్ తెరలు తయారుచేసే డబ్ల్యూపీఎఫ్ వాడినవారికి పరిచయమైన అబ్జర్వబుల్‌కలెక్షన్ కూడా ఈ క్లాస్ వారసుడే.

బస్తాలపట్టీని దీని మీద కట్టినప్పుడు ఇన్‌సర్ట్‌ఐటమ్‌లో ముందు బేస్ మెథడ్‌ను పిలిచి, అది విజయవంతంగా తిరిగి వచ్చాకే బరువు కలపాలి. రిమూవ్‌ఐటమ్‌లో వరుస తిరగబడుతుంది: బస్తా పోకముందే దాని బరువు చదివి పెట్టుకోవాలి. సెట్‌ఐటమ్‌ను చాలామంది మరచిపోతారు. ఒక స్థానంలోని బస్తా బదులు ఇంకొకటి పెట్టినప్పుడు పాత బరువు తీసి కొత్త బరువు కలపకపోతే మొత్తం నెమ్మదిగా పక్కకు జరిగిపోతుంది. క్లియర్‌ఐటమ్స్‌లో సున్నా చేస్తే చాలు.

ఈ క్లాస్‌కూ లోపాలున్నాయి. సార్ట్, ఫైండ్, యాడ్‌రేంజ్ వంటివి దీనికి లేవు. అవసరమైనవి మనమే రాసుకోవాలి. దీని కన్‌స్ట్రక్టర్‌కు ఒక లిస్ట్ ఇస్తే అది కాపీ చేసుకోదు, ఆ లిస్ట్‌నే లోపల పెట్టుకుంటుంది. జావాలో అరేలిస్ట్ కన్‌స్ట్రక్టర్‌కు ఇంకొక కలెక్షన్ ఇచ్చినప్పుడు కాపీ అవుతుందని అలవాటుపడినవారు ఇక్కడ రెండు విధాలుగా దెబ్బతింటారు: అప్పటికే లోపలున్న బస్తాలు ఇన్‌సర్ట్‌ఐటమ్ గుండా రాలేదు కాబట్టి వాటి బరువు లెక్కలో ఉండదు, పైగా ఆ అసలు లిస్ట్ ఇంకొకరి చేతిలో ఉంటే, వారు గుమ్మం దాటకుండానే బస్తాలు చేర్చగలరు. అందుకని ఖాళీ కలెక్షన్‌తో మొదలుపెట్టి, ఒక్కొక్కటీ యాడ్ చేసుకోవడం మేలు.

ప్రతి వస్తువులోనూ దాని కీ కూడా ఉండి, జావా క్లాస్ అరేలిస్ట్‌తో పాటు లోపల ఒక హాష్‌మ్యాప్‌ను కూడా మోస్తూ ఉంటే, కీడ్‌కలెక్షన్ చూడండి. గెట్‌కీఫర్‌ఐటమ్ అనే ఒక్క మెథడ్ రాస్తే, వరుస సంఖ్యతోనూ కీతోనూ వెతికే సదుపాయం వస్తుంది.

ఇన్‌హెరిటెన్స్‌నే వదిలేయడం

లిస్ట్‌ను లోపల ప్రైవేట్ ఫీల్డ్‌గా పెట్టుకుని, బయటికి కావలసిన మెథడ్లను మాత్రమే చూపించే క్లాస్ రాయడం మూడో దారి. దీన్ని పూర్తి ఐలిస్ట్‌గా చేయాలంటే 13 సభ్యులు రాయాలి. అదే ఐరీడ్‌ఓన్లీలిస్ట్‌కు నాలుగు సరిపోతాయి. జావాలో గెట్, సైజ్ అనే రెండు మెథడ్లు రాస్తే చదవడానికి కావలసిన మిగతావన్నీ అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ అనే ఆధార క్లాస్ ఇచ్చేస్తుంది కాబట్టి అక్కడ ఈ పని తేలిక. సీ షార్ప్‌లో దానికి సరిసమానమైన క్లాస్ లేదు. అయినా బస్తాలపట్టీని వాడేవారికి స్థానం చూసి చొప్పించడం, సార్ట్ చేయడం వంటివి అసలు అక్కరలేదని తేలితే, ఈ దారి మిగతా అన్నింటికంటే దృఢంగా నిలుస్తుంది. జావా క్లాస్‌ను ఎవరెవరు ఎలా వాడుతున్నారో వెతికి చూడండి. యాడ్, సైజ్, ఫర్ లూప్ తప్ప ఇంకేమీ వాడని సందర్భాలు మీరనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి.

హాష్‌మ్యాప్ వారసులకు దాదాపు ఇదొక్కటే దారి. డిక్షనరీ మెథడ్లు కూడా వర్చువల్ కావు. పైగా లిస్ట్‌కు కలెక్షన్ ఉన్నట్టు డిక్షనరీకి అలాంటి జెనరిక్ ఆధార క్లాస్ లేదు. ఐడిక్షనరీని పూర్తిగా అమలు చేస్తే 16 సభ్యులు అవుతాయి. పని కాస్త ఎక్కువే, కానీ ఇక్కడ ప్రవర్తనల తేడా కూడా ఎక్కువ కాబట్టి చేత్తో రాసుకోవడమే క్షేమం: లేని కీని అడిగితే హాష్‌మ్యాప్ నల్ ఇస్తుంది, డిక్షనరీ ఇండెక్సర్ ఎక్సెప్షన్ విసురుతుంది, ఉన్న కీతో మళ్లీ పుట్ చేస్తే హాష్‌మ్యాప్ పాత విలువను తిరిగి ఇచ్చి కొత్తది పెడుతుంది, డిక్షనరీ యాడ్ మాత్రం ఎక్సెప్షన్ విసురుతుంది, నల్ కీని మొదటిది ఒప్పుకుంటుంది, రెండోది ఒప్పుకోదు.

అన్నింటికంటే కష్టమైన వారసుడు లింక్డ్‌హాష్‌మ్యాప్‌ది, అంటే అంశాల వరుసను కూడా గుర్తుపెట్టుకునే హాష్‌మ్యాప్‌ది. జావాలో కన్‌స్ట్రక్టర్ మూడో పరామితిగా ట్రూ ఇచ్చి, రిమూవ్‌ఎల్డెస్ట్‌ఎంట్రీ అనే మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేసి, సైజ్ 100 దాటిందా అని ఒక్క పంక్తి రాస్తే చాలు, చాలాకాలంగా ఎవరూ ముట్టని అంశాన్ని తనంతట తానే వదిలించుకునే క్యాష్ తయారవుతుంది. సీ షార్ప్‌లో దీనికి సమానమైన కొక్కెం లేదు. ఒక లింక్డ్‌లిస్ట్‌నూ, కీ నుంచి ఆ లిస్ట్‌లోని నోడ్‌కు దారి చూపే డిక్షనరీనీ జతగా పెట్టుకుని, అంశం దొరికినప్పుడల్లా దాని నోడ్‌ను తీసి ముందుకు తెచ్చి, పరిమితి దాటినప్పుడు చివరి నోడ్‌ను తొలగించాలి. తొలగించేటప్పుడు డిక్షనరీలోంచి కూడా తీయాలి కాబట్టి నోడ్‌లో విలువతో పాటు కీ కూడా ఉండాలి. ఈ చిన్న విషయం మరచిపోయి సగం రాశాక మళ్లీ మొదటికి వచ్చేవారు ఉంటారు. డాట్‌నెట్ 9లో వచ్చిన జెనరిక్ ఆర్డర్డ్‌డిక్షనరీ పేరు చూసి ఆశపడకండి: అది చేర్చిన వరుసను నిలుపుతుందే గానీ వాడిన వరుసను పట్టించుకోదు, మొదటి అంశాన్ని తీసేస్తే మిగతావన్నీ ఒక్కో స్థానం జరగాలి.

ఏ దారిలోనైనా ఎదురయ్యే తేడాలు

వీటిలో ముఖ్యమైనది సమానత్వం. జావాలో రెండు అరేలిస్ట్‌ల అంశాలు వరుసగా సమానమైతే ఆ రెండు లిస్ట్‌లూ సమానమే. వారసులకు కూడా ఆ గుణం ఉచితంగా వస్తుంది. సీ షార్ప్‌లో లిస్ట్ గానీ కలెక్షన్ గానీ తన గుర్తింపును మాత్రమే పోల్చుకుంటుంది. పోలికలు కళ్లెదుట కనిపించేచోట సీక్వెన్స్‌ఈక్వల్ అని రాసుకోవచ్చు. కానీ మీ జావా క్లాస్‌ను ఎక్కడైనా హాష్‌మ్యాప్‌కు కీగా గానీ, హాష్‌సెట్‌లో అంశంగా గానీ వాడి ఉంటే, పోలిక లోపల జరుగుతుంది కాబట్టి వెతికినా కనబడదు. అలాంటిచోట ఈక్వల్స్‌ను, గెట్‌హాష్‌కోడ్‌ను మీరే ఓవర్‌రైడ్ చేయాలి. అదృష్టవశాత్తూ ఆ రెండూ వర్చువల్ మెథడ్లే.

రెండో తేడా సబ్‌లిస్ట్. జావాలో అది అసలు లిస్ట్‌లోకి తెరిచిన కిటికీ. దాన్ని క్లియర్ చేస్తే అసలు లిస్ట్‌లోంచే ఆ భాగం పోతుంది. సీ షార్ప్‌లో గెట్‌రేంజ్ కొత్త కాపీ ఇస్తుంది కాబట్టి క్లియర్ చేసినా అసలుకు ఏమీ కాదు. ఆ ప్రయోజనానికి రిమూవ్‌రేంజ్ వాడాలి. తిరిగి వచ్చే విలువల సంగతి క్లుప్తంగా చెబుతాను: జావాలో స్థానం తీసుకునే రిమూవ్, సెట్ పాత అంశాన్ని తిరిగి ఇస్తాయి, సీ షార్ప్‌లో రిమూవ్‌ఎట్, ఇండెక్సర్ ఏమీ ఇవ్వవు కాబట్టి ముందే చదివి పెట్టుకోవాలి. లూప్ నడుస్తుండగా ఇటరేటర్ ద్వారా తీసివేసే సౌకర్యం కూడా ఇక్కడ లేదు. లిస్ట్ అయితే రిమూవ్‌ఆల్, కలెక్షన్ అయితే చివరి నుంచి మొదటికి నడిచే ఫర్ లూప్ వాడండి.

ఇలాంటి తేడాలు ప్రోగ్రామ్ అంతటా వేలాదిగా ఉండి, ఒక్కొక్కటీ చేత్తో దిద్దడం అసాధ్యమైతే, జావా ప్రవర్తనను అనుకరించే లైబ్రరీని తెచ్చుకోవడం ఇంకొక దారి. వెతుకులాటకు వాడే జావా లైబ్రరీ అపాచీ లూసీన్‌ను డాట్‌నెట్‌లోకి తెచ్చిన లూసీన్ డాట్‌నెట్ ప్రాజెక్టు వాడే జే2ఎన్ అలాంటిదే. అంశాలను బట్టి సమానత్వం చూసే లిస్ట్, నల్ కీని ఒప్పుకునే డిక్షనరీ, చేర్చిన వరుసను నిలిపే సెట్ అందులో ఉన్నాయి. పెద్ద మార్పిడులకు, అదీ మూల ప్రాజెక్టు జావాలో ఇంకా పెరుగుతూ ఉండి దాని మార్పులను మళ్లీ మళ్లీ తెచ్చుకోవలసిన చోట, నేను దీన్నే ఎంచుకుంటాను. పది క్లాసులున్న చిన్న ప్రోగ్రామ్‌కు మాత్రం ఇది బరువు. ఆ తర్వాత చేరే సీ షార్ప్ ప్రోగ్రామర్లకు ఆ లిస్ట్ తమకు తెలిసిన లిస్ట్ కాదని ప్రతిసారీ వివరించవలసి వస్తుంది.

ఎదురు దిశలో వెళ్లేవారికి

సీ షార్ప్ కలెక్షన్ వారసుడిని జావాలోకి తీసుకువెళ్లేవారు అరేలిస్ట్ వైపు కాక అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ వైపు చూడాలి. లోపల ఒక ప్రైవేట్ అరేలిస్ట్ పెట్టుకుని, గెట్, సైజ్ రాసి, ఇన్‌సర్ట్‌ఐటమ్‌లోని పనిని స్థానం తీసుకునే యాడ్‌లోనూ, సెట్‌ఐటమ్ పనిని సెట్‌లోనూ, రిమూవ్‌ఐటమ్ పనిని సంఖ్య తీసుకునే రిమూవ్‌లోనూ పెడితే లెక్క సరిగ్గా కుదురుతుంది. మామూలు యాడ్, యాడ్‌ఆల్, రిమూవ్‌ఇఫ్, ఇటరేటర్ ద్వారా జరిగే తీసివేత అన్నీ తిరిగి ఈ మూడింటి దగ్గరికే వస్తాయి. అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్‌లో క్లియర్ కూడా ఒక్కొక్క అంశాన్నీ రిమూవ్ ద్వారానే తీస్తుంది. కాబట్టి వేగం కోసం క్లియర్‌ను విడిగా ఓవర్‌రైడ్ చేస్తే మొత్తం బరువును సున్నా చేసే పంక్తి అందులో రాయండి, ఓవర్‌రైడ్ చేయకపోతే ఆ పంక్తి అవసరమే లేదు. యాడ్‌లోనూ రిమూవ్‌లోనూ మాడ్‌కౌంట్ అనే ప్రొటెక్టెడ్ ఫీల్డ్‌ను ఒకటి పెంచడం మాత్రం మరవకండి. అది పెంచకపోతే, లూప్ మధ్యలో ఎవరైనా పట్టీని మార్చినప్పుడు అబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్ ఇటరేటర్ ఆ సంగతి గమనించలేదు.